సి షిఫ్టు వారంలో హాసిని చేతులు

నా తర్వాత ఆ హాలు తాళాలు తీసుకున్న కోచ్ పేరు సుష్మ. పోయిన నెల ఒక ఉదయం ఫోన్ చేసింది.

"మాస్టారూ, తొమ్మిదేళ్ల గుంట ఒకర్తి ఉంది. మా బాగా సేత్తంది. పెద్ద అకాడమీకి పంపీమని ఇంట్లోవాళ్లు ఒకటే గొడవ. పంపాలో వద్దో మీకెలా తెలిసేది?"

అంతే, నాకు పూనకం వచ్చేసింది. గంటసేపు మాట్లాడాను. చెవి దగ్గర ఫోన్ వేడెక్కింది, స్టవ్ మీద పాలు పొంగిపోయాయి, మా ఆవిడ గుమ్మంలో నిలబడి "రిటైరయ్యింది మీరేనా?" అని అడిగింది. చివరికి సుష్మే, "మాస్టారూ, ఇదంతా కాగితం మీద పెట్టండి, నాలాంటోళ్లు ఇంకా వత్తారు కదా" అంది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి ఇందులో ఉండవు. పిల్లల్ని చూసి నేనెక్కడ పొరబడ్డానో, ఆ పొరపాటు నాకేం నేర్పిందో చెబుతాను. విశాఖపట్నంలో ముప్పై నాలుగేళ్లు జిమ్నాస్టిక్స్ నేర్పాను. ఇప్పటికీ ఎక్కడైనా పిల్ల పిల్లిమొగ్గ వేస్తుంటే బస్సు దిగిపోయి చూసే జబ్బు నాది.

పంపడం అంటే ఏమిటి

ముందు ఈ మాట సూటిగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. పొద్దునో సాయంత్రమో గంటన్నర హాలుకొచ్చి గెంతి ఇంటికెళ్లడం ఒక జీవితం. అకాడమీ హాస్టల్‌లో ఉండి రోజుకు ఆరు గంటలు సాధన చేయడం పూర్తిగా వేరే జీవితం. రెండోదాంట్లో బడి వెనక్కి పోతుంది. పండగలు పోతాయి. అరచేతుల్లో బొబ్బలు చిట్లి, మళ్లీ మొలిచి, మళ్లీ చిట్లుతాయి. మణికట్టు నొప్పి పుడితే అది ఎదిగే ఎముక కాబట్టి భయపడాలి. ఇంత చేశాక పతకం వస్తుందా అంటే, చాలామందికి రాదు. ఈ మాట చెప్పినప్పుడు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయిన తల్లులున్నారు. పోనీ, వాళ్లు వెళ్లిపోతేనే నాకు నయం అనిపించేది.

మరి ఎందుకు పంపడం? అబ్బ, అది కూడా చెప్పాలి! హై బార్ అనే ఎత్తైన కమ్మీ మీద మొదటిసారి పూర్తిగా ఒక చుట్టు తిరిగి పైకొచ్చిన పిల్ల ముఖం మీరు చూడాలి. అది గెలిచిన ముఖం కూడా కాదు. తన ఒళ్లు ఇంత పని చేయగలదని అప్పుడే తెలిసినదాని ముఖం. కొందరు పిల్లలు దానికోసమే పుడతారు. వాళ్లను గంటన్నర క్లాసులో ఉంచేస్తే అదీ అన్యాయమే. ఈ రెండు అన్యాయాల మధ్య నిలబడి అవుననో కాదనో చెప్పడమే మన ఉద్యోగం. మిగతాదంతా పరుపులు మోయడం.

రత్నం విషయంలో నా తొందర

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పైన రామ్మూర్తి గారని చీఫ్ కోచ్ ఉండేవారు. ఎప్పుడూ అరిచేవారు కాదు, పొగిడేవారూ కాదు. పిల్ల బార్ మీద ఉన్నప్పుడు ఆయన చూపు వేరే చోట ఉండేది. కింద వరుసలో కూర్చున్నప్పుడు మాత్రం తదేకంగా చూసేవారు. ఆయనకు చూపు మందగించిందేమో అనుకునేవాణ్ని నేను. కుర్రతనం కదా.

ఒక ఆదివారం జాలరిపేట దగ్గర ఇసుకలో నడుస్తుంటే, ఒడ్డుకు లాగిన పడవ అంచు మీంచి ఒక పిల్ల వెనక్కి మొగ్గ వేసి దిగింది. రెండు కాళ్లూ కలిపి, కదలకుండా! పరుగెత్తి వెళ్లి వివరం అడిగాను. పేరు రత్నం, పదేళ్లు. నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. రత్నానికి భయం అంటే తెలియదు. పడవ నుంచి నీళ్లలోకి, రాళ్ల మీంచి ఇసుకలోకి దూకి పెరిగిన పిల్ల. వారంలో హాలుకు తెచ్చాను, ఏడాదిన్నరలో జిల్లాలో దాన్ని కొట్టేవాళ్లు లేరు. అకాడమీకి పంపేద్దామని నేను ఎగిరి గంతేస్తుంటే రామ్మూర్తి గారు ఒక్కటే అడిగారు.

"ఆ పిల్లని అడిగేవేటి?"

"అడగడానికేటుంది సార్! దూకమంటే దూకుతాది."

నేను పంపేశాను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం రత్నం బ్యాగుతో సహా హాలు గుమ్మంలో నిలబడింది. దెబ్బ తగల్లేదు. ఎవరూ తిట్టలేదు. ఓడిపోలేదు కూడా. "ఏటైందే?" అంటే తల దించుకుంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"సార్, నాకు గెంతడం ఇట్టం. ఎవలో కూకోని మార్కులు నెక్కెట్టుకుంతా ఉంటే గెంతడం ఇట్టం నేదు. మీరు అడగనేదు, నాను సెప్పనేదు."

ధైర్యాన్ని చూసి కోరిక అనుకున్నాను. రెండేళ్లు ఆ పిల్ల నా కోరికను మోసింది. ఇప్పుడు రత్నం ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం పాడుతుంది. ఆ గొంతుకు మగాళ్లు కూడా దారిస్తారు. నన్ను చూస్తే "సార్, మీకు ఒంజరం సేప పక్కనెట్టినాను, అట్టికెల్లండి" అని కేకేస్తుంది. దానికి నా మీద కోపం లేదు, నాకే ఇంకా సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పంపాలా వద్దా అనే ప్రశ్న పిల్లనే అడగాలి. మెడల్ వచ్చిన రోజు అడగకూడదు, పుట్టినరోజున అడగకూడదు, అమ్మానాన్నల ముందు అసలే అడగకూడదు. ఏదీ కుదరని రోజున, చెయ్యి జారి పడి, ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నప్పుడు అడగాలి. ఆ రోజు కూడా కావాలంటే అప్పుడు మనం మాట్లాడుకోవచ్చు.

రెండు వారాలు బంగారం, మూడో వారం మట్టి

ఇప్పుడు హాసిని. ఈ పేరు రాస్తుంటేనే నాకు హుషారొస్తోంది!

తొమ్మిదేళ్ల పిల్ల, గాజువాక నుంచి వచ్చేది. నాన్న పైడిరాజు. వాళ్లది విజయనగరం పక్క వ్యవసాయం చేసుకునే కుటుంబం, ఇతను స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగంలో చేరి సిటీకొచ్చాడు. అమ్మ పరవాడలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పనిచేస్తుంది, తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కాలి. ఇంట్లో నాయనమ్మ కూడా ఉంది. ఉదయం ఏడు గంటల బ్యాచ్‌కు హాసినిని ఒక వారం నాయనమ్మ బస్సులో తెచ్చేది, మిగతా వారాల్లో పైడిరాజు బండి మీద తెచ్చేవాడు. ఎవరు తెస్తే నాకేం అని నేను పట్టించుకోలేదు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఏం పిల్ల! ఒకసారి చెబితే చాలు. కాలి వేళ్ల చివరిదాకా సాగేది. చెయ్యలేనిది కనిపిస్తే కళ్లు మెరిసేవి. బార్ కింద వేలాడి, కాళ్లు బార్ దగ్గరకు తెచ్చి, ఒక్క ఊపుతో పైకి లేచి, నడుం బార్‌కు ఆనించి చేతుల మీద నిలవడాన్ని మేం కిప్ అంటాం. దానికి పిల్లలు ఏడాది తీసుకుంటారు. హాసిని నాలుగు నెలల్లో పట్టేసింది. ఆ రోజు నేను హాలు బయటికొచ్చి ఒక్కణ్నే సంతోషంతో టీ మీద టీ తాగాను.

మరుసటి వారం అదే పిల్ల బార్ పట్టుకోలేకపోయింది. ఊపుకు ముందే వేళ్లు విడిపోయి పరుపు మీద పడేది. మళ్లీ చేతులకు చాక్ పొడి పూసుకోవడం, మళ్లీ పడటం. ఉదయం క్లాసు ఎప్పుడూ బార్స్‌తోనే మొదలెట్టేవాణ్ని, కాబట్టి రోజూ ఇదే తంతు. ఆ పైన కొన్నాళ్లు మళ్లీ బంగారం. తర్వాత మళ్లీ మట్టి.

నేను బడి నోట్‌బుక్‌లో ప్రతి పిల్లకూ రోజుకొక ముక్క రాసుకునేవాణ్ని. హాసిని పేజీలో "బ్రహ్మాండం", "బ్రహ్మాండం", "పట్టు లేదు", "పట్టు లేదు" అని నిండిపోయింది. "ఏటే, నిన్న సేసింది ఇయ్యాల రాదా?" అని గద్దిస్తే, "మళ్లీ సేత్తాను సార్" అనేది తప్ప ఇంకేం చెప్పేది కాదు. మూడీ పిల్ల అని తేల్చేశాను.

తండ్రి మీద కూడా నాకు మంచి అభిప్రాయం లేదు. కొన్ని రోజులు గ్యాలరీ బల్ల మీద కూర్చుని కూతుర్ని కళ్లార్పకుండా చూసేవాడు. కొన్ని రోజులు వచ్చీ రాగానే బల్ల మీద పడి గుర్రుపెట్టేవాడు. "కూతురు కింద పడతంటే కళ్లు తెరవని తండ్రి" అని మా వాచ్‌మన్‌తో ఎగతాళిగా అన్నాను. ఆ మాట ఇక్కడ రాసుకోవడం నాకు నేను వేసుకున్న శిక్ష.

అప్పుడే వేరే రాష్ట్రంలోని ఒక అకాడమీ నుంచి ఫారం వచ్చింది. ట్రయల్‌కు, అంటే ఎంపిక పరీక్షకు, మా హాలు నుంచి ఒక్క పేరు పంపవచ్చు. కోచ్ నింపాల్సిన గడుల్లో ఒకటి "నిలకడ". నోట్‌బుక్ ముందు పెట్టుకుని రెండు రోజులు తిప్పలు పడ్డాను. రత్నం విషయంలో తొందరపడి పంపాను కదా, ఈసారి జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. "నిలకడ లేదు. ఈ ఏడాది సిఫారసు చేయడం లేదు" అని రాసి, కవరు అంటించి, పొద్దున్నే పోస్ట్ చేద్దామని స్కూటర్ డిక్కీలో పెట్టాను.

పొరపాటుకు భయపడి చేసే పొరపాటు ఎప్పుడూ గంభీరంగా ఉంటుంది, కుర్రవాళ్లు ఇది గమనించాలి.

కాన్వెంట్ జంక్షన్ దాకా

మాది మల్కాపురం. మా నాన్న పోర్టులో పనిచేసేవాడు. రోజూ ఆరు గంటలకే బయల్దేరి హాలు తెరిచేవాణ్ని కాబట్టి, గాజువాక నుంచి వచ్చే హాసిని వాళ్లు నాకెప్పుడూ దారిలో కనిపించలేదు. కవరు డిక్కీలో పెట్టిన మర్నాడు పొద్దున స్కూటర్ టైరు పంక్చరైంది. దాన్ని తోసుకెళ్లి, అతికించుకుని రోడ్డెక్కేసరికి ఆరున్నర దాటింది. సింధియా జంక్షన్ దగ్గర నా ముందు ఒక బండి. దాని మీద నీలం యూనిఫాం చొక్కా మనిషి, వెనక మా హాలు టీషర్టు వేసుకున్న పిల్ల.

పలకరిద్దామని దగ్గరికి పోనిచ్చాను. నోరు తెరవబోయి ఆగిపోయాను.

హాసిని నాన్న నడుం చుట్టూ ఒక తువ్వాలు చుట్టింది. దాని రెండు కొసలూ వెనక్కి లాగి, రెండు పిడికిళ్లతో బిగించి పట్టుకుంది. పిడికిళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాన్న చెవి దగ్గర మొహం పెట్టి గట్టిగా అరుస్తోంది.

"పదమూడు నాలుగులు?"

"యాభై రెండు," అన్నాడు పైడిరాజు.

"పదనాలుగు ఏడులు?"

"తొంభై... ఎనిమిది."

"పదిహేడు ఆర్లు?"

జవాబు లేదు. బండి మెల్లగా కుడివైపు ఒరిగింది. కుడివైపు పోర్టుకు పోయే ట్రెయిలర్ ఒకటి, దాని చక్రం ఆ పిల్లకంటే ఎత్తు. హారన్ కొడితే ఉలిక్కిపడి ఇంకా అటే పోతాడేమోనని వేలు మీట మీదే ఉండిపోయింది. హాసిని ఒళ్లంతా వెనక్కి వేసి తువ్వాలును ఒక్క గుంజు గుంజింది.

"నాన్నా! పదిహేడు ఆర్లు!"

"ఆఁ... సెప్తన్నాను, సెప్తన్నాను. నువ్వే సెప్పీ, నాకు రాదు."

"నాను సెప్పను. నువ్వే సెప్పాల."

బండి మళ్లీ నిలువయింది. కాన్వెంట్ జంక్షన్ దాకా వాళ్ల వెనకే వెళ్లాను. ఆ పిడికిళ్లు ఒక్కసారి, ఒక్క సెకను కూడా విడలేదు. గాజువాక నుంచి మా హాలుకు నలభై నిమిషాలు. ఇంతా చేసి వచ్చిన చేతులను నేను తిన్నగా బార్ మీదికి ఎక్కిస్తున్నాను.

సి షిఫ్టు! రాత్రంతా ప్లాంట్‌లో పనిచేసి, ఆరింటికి గేటు దాటి, ఇంటికొచ్చి, కూతుర్ని ఎక్కించుకుని సిటీకి వస్తున్నాడు ఆ మనిషి. షిఫ్టులు వారం వారం మారతాయి. పొద్దున ఆరింటికి మొదలయ్యే 'ఎ' షిఫ్టు వారంలో అతను తెల్లారేసరికి పనిలో ఉంటాడు కాబట్టి నాయనమ్మ తెస్తుంది. మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్టు వారంలో రాత్రి పడుకుని హాయిగా తెస్తాడు. సి షిఫ్టు వారంలో ఇదీ సంగతి. హాలుకెళ్లి నోట్‌బుక్ తీశాను. రెండు వారాలు బ్రహ్మాండం, మూడో వారం పట్టు లేదు. ఐదు నెలల పేజీల్లో లెక్క ఎక్కడా తప్పలేదు. మల్కాపురంలో నాన్న షిఫ్టుల ప్రకారమే అన్నం తిని, షిఫ్టుల ప్రకారమే నోరు మూసుకుని పెరిగినవాణ్ని నేను. అలాంటి నేను ఈ పేజీలు చదివి మూడీ పిల్ల అన్నాను. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది.

ఆ రోజే అడిగాను

ఆ ఉదయం హాసిని ఆరుసార్లు పడింది. ఏడోసారి పడ్డాక పక్కకు పిలిచి కూర్చోబెట్టాను. అరచేతులు తిప్పి చూస్తే తువ్వాలు అంచుల గీతలు ఎర్రగా ఉన్నాయి. ముంజేతులు ముట్టుకుంటే తాళ్లలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంతకాలం ఆ చేతులకు చాక్ ఎక్కువ పూసుకోమని సలహా ఇచ్చానే తప్ప ముట్టుకుని చూడలేదు.

"దార్లో మీ ఎనకాలే వచ్చేనే," అన్నాను.

గ్యాలరీ వైపు చూసింది. పైడిరాజు బల్ల మీద నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

"సార్, నాన్నకి సెప్పకండి సార్. తూలతన్నాడని నాయనమ్మకి తెలిత్తే నన్ను మానిపించెత్తాది."

"మీ నాన్నకి తెలీదేటి?"

"ఎక్కాలు పరీచ్చకి సదువుతన్నానని అనుకుంతన్నాడు. మొదట్లో పాటలు పాడేదాన్ని సార్. పాటకి ఇంకా పడుకుండిపోతన్నాడు. నెక్కలైతే సెప్పాల కదా."

తొమ్మిదేళ్ల పిల్ల! ఏది పనిచేయదో ప్రయత్నించి చూసి, మార్చి, పనిచేసేది పట్టుకుంది. ఇలాంటి బుర్ర కోసం కోచ్‌లు జీవితమంతా వెతుకుతారు. కౌగిలించుకోవాలనిపించింది, కానీ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఏడుసార్లు పడింది, చేతులు మండుతున్నాయి, రహస్యం బయటపడింది. ఇంతకంటే చెడ్డ రోజు మళ్లీ దొరకదు.

అకాడమీ గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. హాస్టల్, ఆరు గంటల సాధన, అమ్మ ఉండదు, ఇక్కడి బడి ఉండదు, బొబ్బలు, అంకెలు వేసే జడ్జీలు. పతకం వస్తుందని చెప్పలేనని కూడా చెప్పాను. "ఎల్తావా? వద్దంటే నాకేటీ కోపం నేదు. ఇక్కడే సేసుకుందాం."

ముక్కు తుడుచుకుంది. బార్ వైపు చూసింది, ఇంతసేపూ తనను కింద పడేసిన బార్ వైపు.

"ఎల్తాను సార్. నాకు ఆ పెద్ద చుట్టు తిరగాలనుంది. నిద్దట్లో కూడా తిరుగుతన్నాను." వెంటనే మొహం ముడుచుకుంది. "గానీ నాను ఎల్పోతే కుదరదు సార్. సి షిఫ్టులో నాన్ననెవలు లేపుతారు?"

ఆ పిల్లకు హాస్టలంటే భయం లేదు, పడటమంటే భయం లేదు. దాన్ని పట్టుకుని ఆపుతున్నది ఆ తువ్వాలు ఒక్కటే.

"ఒసే పిచ్చిదానా," అన్నాను, "నువ్వు ఎల్పోతే మీ నాన్న ఈ రోడ్డెందుకెక్కుతాడే? సి షిఫ్టు దిగి ఇంటికెల్లి దుప్పటి కప్పుకుని పడుకుంతాడు."

అది రెండు క్షణాలు ఆలోచించింది. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. అంత తెలివైన పిల్లకు ఆ ముక్క తట్టలేదు! ఆ నవ్వుకు గ్యాలరీలో పైడిరాజు లేచి కూర్చున్నాడు.

తండ్రితో మాట్లాడటం

చెప్పొద్దని పిల్ల అడిగింది. నేను చెప్పాను. ఇందులో నాకు సందేహం లేదు, మీకూ ఉండకూడదు. పిల్ల ప్రాణానికి సంబంధించిన రహస్యాన్ని కోచ్ దాచకూడదు. అయితే తండ్రికి చెప్పబోతున్నానని ముందుగా హాసినికి చెప్పాను, "నిన్ను మాననివ్వను" అని మాటిచ్చి.

పైడిరాజుతో నేను గట్టిగానే మాట్లాడాను. నిద్రపోతూ బండి నడుపుతున్నావయ్యా అన్నాను. ట్రెయిలర్ చక్రం గురించి చెప్పాను. అతను మొదట ఒప్పుకోలేదు.

"నాకెప్పుడూ కునుకు రానేదు సార్. గుంట ఊసులాడతా ఉంతాది కదా. ఎక్కాలన్నీ అడుగుతా ఉంతాది. నాను దాన్ని సదివింతన్నాననుకుంతన్నాను!"

"నిన్ను సదివింతన్నాది అది. దాని సేతులు సూడు."

హాసినిని పిలిచి అరచేతులు చూపించాను. అతను వాటిని పట్టుకుని, గీతలను బొటనవేలితో తడిమి చూశాడు. మెడలో ఉన్న తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతని కళ్లలోంచి నీళ్లు దాని మీద పడ్డాయి, దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"అమ్మ ముసిల్ది, వారవారం బస్సెక్కించడం ఎందుకని... పొద్దున్న నాను కాళీయే కదా అనుకున్నాను సార్. ఇక వద్దు. మానిపించెత్తాను."

"మానాల్సింది బండి. ఆట కాదు."

సి షిఫ్టు వారంలో కూడా నాయనమ్మ తెస్తుందని అక్కడికక్కడే ఒప్పందం అయింది. ఆ ముసలావిడకు బస్సు ప్రయాణం కష్టమని కొడుకు అనుకోవడమే గానీ, ఆవిడకు కిటికీ పక్క సీటంటే ప్రాణమట! తర్వాత పైడిరాజు అసలు ప్రశ్న అడిగాడు.

"అంత దూరం పంపీమంటారా సార్?"

"పంపీమని నాను సెప్పను. పతకం వత్తాదనీ సెప్పను. ట్రయల్‌కి తీసుకెల్దాం. అక్కడ సూసినాక కూడా దానికి కావాలనుంటే, అప్పుడు నువ్వూ మీ ఆవిడా మనసు రాయి సేసుకోవాల. ఏ నెలలో రమ్మని ఏడిత్తే ఆ నెలలో ఎనక్కి తెచ్చుకోవాల. పరువు పోద్దని ఆగకూడదు."

రత్నం నేర్పిన షరతు అది. అతను తలూపాడు. నేను బయటికెళ్లి స్కూటర్ డిక్కీలోంచి కవరు తీసి నాలుగు ముక్కలు చేశాను. కొత్త ఫారం నింపాను. "నిలకడ" గడి దగ్గర పెన్ను ఆగింది. ఏం రాయను? తువ్వాలు కథ ఆ చిన్న గడిలో పట్టదు. "ఉంది. స్వయంగా చూశాను" అని రాశాను.

మీకు చెప్పాలనుకున్నది

సుష్మా, నువ్వడిగిన దానికి నా జవాబు ఇదే. పిల్ల ఒళ్లు ఎంత వంగుతుందో ఎవరికైనా కనిపిస్తుంది, దానికి కోచ్ అక్కర్లేదు. చెడ్డ రోజున నోటితో అడుగు, తర్వాత ఆ చెడ్డ రోజు ఎందుకొచ్చిందో వెతుకు. ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారు, ఎవరు ఎప్పుడు పడుకుంటారు, పిల్లను ఎవరు తెస్తున్నారు, ఏ దారిలో తెస్తున్నారు, ఒక్కసారి వాళ్ల వెనకే వెళ్లి చూడు. మన ఊళ్లో సగం ఇళ్లు షిఫ్టు బట్టి నడుస్తాయి. ఆ ఇళ్ల పిల్లల నోట్‌బుక్ పక్కన తండ్రి షిఫ్టు కూడా రాసుకో. రామ్మూర్తి గారు పిల్ల బార్ దిగి కూర్చున్నప్పుడు ఏం చూసేవారో నాకు పాతికేళ్లు ఆలస్యంగా తెలిసింది. ఆయన చేతులు చూసేవారు.

ట్రయల్ రోజు

హాసినిని తీసుకున్నారా అని అడుగుతారు కదా. తీసుకున్నారు. రెండేళ్లయింది, అక్కడే ఉంది, పెద్ద చుట్టు తిరుగుతోంది, సెలవులకొస్తే బొబ్బలు చూపించి గొప్పలు పోతోంది. రేపు వద్దంటే రేపే తెచ్చుకుంటారు. కానీ నేను చెప్పాలనుకున్నది ట్రయల్ రోజు సంగతి.

పైడిరాజు సెలవు పెట్టి వచ్చాడు. రైల్లో రెండు బెర్తులు మారి మరీ నిద్రపోయాడు, కూతురి ఆజ్ఞ. ట్రయల్ హాల్లో పదకొండు మంది పిల్లలు. పరుగు, దూకడం, వంగడం అన్నీ అయ్యాక ఆఖరి పరీక్ష చాలా చిన్నది. అందర్నీ బార్‌కు వేలాడమన్నారు. ఊపు లేదు, విన్యాసం లేదు, ఊరికే వేలాడాలి. ఎవరు ఎంతసేపు ఉంటారో చూస్తారు.

ఒక్కొక్కరే రాలిపోతున్నారు. ఐదుగురు మిగిలారు. ముగ్గురు. ఇద్దరు. నేను గ్యాలరీ కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను, నా చేతులే నొప్పెడుతున్నాయి. ఇంకో పిల్ల కూడా దిగిపోయింది. హాసిని ఒక్కతే వేలాడుతోంది. ముంజేతులు వణకడం మొదలైంది, పెదవులు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి. కింద నిలబడిన పెద్ద కోచ్‌కు తెలుగు రాదు, ప్రార్థన చేస్తోందనుకున్నట్టుంది, వాచీ మీంచి కళ్లెత్తి దానివైపే చూస్తున్నాడు.

అప్పుడు హాసిని కళ్లెత్తి గ్యాలరీలోకి, నాన్న వైపు చూసింది. పెదవులు ఒక్కసారి గట్టిగా కదిలాయి. శబ్దం మా దాకా రాలేదు. రావాల్సిన పని లేదు. నా పక్కనున్న పైడిరాజు దిగ్గున లేచి, హాలు హాలంతా తిరిగి చూసేలా కేకేశాడు.

"నూటరెండు! పదిహేడు ఆర్లు నూటరెండే! వచ్చేసిందే నాకు, ఇంక దిగిపోయే!"

హాసిని దిగలేదు. బార్ మీద వేలాడుతూనే నవ్వింది, తర్వాతి లెక్క అడిగింది.